పాత ఉన్ని స్వెటర్‌తో డైపర్ కవర్: ఒక్కసారి కావాలని ముడుచుకోనివ్వాలి, ఆ తర్వాత ఎప్పుడూ వద్దు

ఈసారి ఎపిసోడ్ హైదరాబాద్ నుంచి కాదు, ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి. మా అక్క వాళ్ల వంటగదిలో కూర్చుని మాట్లాడుతున్నా. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి, అమ్మ పప్పు పెట్టింది.

ముందు నా చేతిలో ఉన్న ఈ రెండూ చూడండి. చిన్న నిక్కర్లలా ఉన్నాయి కదా. ఇది మా మేనకోడలు రోజూ రాత్రి వేసుకునేది. ఇదేమో బొమ్మకి తప్ప ఇంకెవరికీ పట్టదు. నమ్ముతారో లేదో, ఈ రెండూ ఒకే కొలతతో, ఒకే కాగితం మీద గీసిన ప్యాటర్న్‌తో నేనే కుట్టాను. మరి ఒకటి ఇట్లా ఎందుకైంది? ఈ ఎపిసోడ్ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ఇవి డైపర్ కవర్లు. పిల్లలకి లోపల కాటన్ గుడ్డ డైపర్ కట్టి, తడి బయటికి రాకుండా పైన తొడిగేది. మామూలుగా వీటిని ప్లాస్టిక్ పూత వేసిన బట్టతో చేస్తారు. ఇవి మాత్రం ఉన్నివి. అది కూడా కొత్త ఉన్ని కాదు, సెకండ్‌హ్యాండ్ షాపులో నాలుగు పౌండ్లకి కొన్న స్వెటర్లు కోసి కుట్టినవి. యూరప్‌లో, అమెరికాలో గుడ్డ డైపర్లు వాడే ఇళ్లలో ఇది చాలా కాలంగా ఉన్న పద్ధతే. నాకు మాత్రం మూడు నెలల క్రితం వరకు తెలియదు.

అసలు ఎందుకు మొదలైంది

నేను వచ్చేసరికి పాపకి ఎనిమిదో నెల. ఇక్కడ ప్రసవం సెలవు 52 వారాల దాకా తీసుకోవచ్చు. కానీ చట్టప్రకారం డబ్బులు వచ్చేది 39 వారాలే. మిగతా 13 వారాలు సెలవు ఉంటుంది, పైసలుండవు. అక్క ఆ పైసలు లేని నెలల్లోకి అడుగుపెడుతోంది. ఇంటి లోన్ ఉంది, చలికాలం గ్యాస్ బిల్లు ఉంది. బావ రోజూ రాత్రి ఫోన్‌లో ఎక్సెల్ షీట్ తెరిచి చూసుకుంటాడు, ఏమీ మాట్లాడడు.

పగలు గుడ్డ డైపర్లతో నడిచిపోతోంది. రాత్రి మాత్రం ప్లాస్టిక్ పూత కవర్ వేస్తే పొద్దున్నకి తొడల దగ్గర ఎర్రగా కందిపోతోంది. ఇంటికొచ్చే హెల్త్ విజిటర్ చూసి, త్వరత్వరగా మార్చండి, కాసేపు గాలి తగలనివ్వండి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి అని చెప్పింది. ఆ వారమే, లైబ్రరీలో పిల్లల తల్లులు కలిసే చోట ఒకావిడ అక్కకి ఉన్ని కవర్ చూపించింది. గాలి ఆడుతుంది, రాత్రికి బాగుంటుంది అందట. షాపులో ధర చూస్తే 25 పౌండ్లు. మన డబ్బుల్లో రెండున్నర వేల పైనే. అక్క పట్టుకుని చూసి, మళ్లీ అక్కడే పెట్టేసి వచ్చింది. ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మేనమామని కదా. మేనకోడలికి బట్టలు పెట్టాల్సింది నేనే. ఉద్యోగం మానేసి వీడియోలు చేసుకుంటున్నవాణ్ణి, బంగారం పెట్టలేను. నిక్కరైనా కుట్టలేనా అనుకున్నా. ఇంటర్నెట్‌లో చూస్తే "అరగంటలో అయిపోతుంది" అని రాసి ఉంది. నాకు నాలుగు వీకెండ్లు పట్టింది. ఎందుకో చెప్తా.

ఉన్ని తడిని ఎలా ఆపుతుంది

ఈ భాగం స్కిప్ చేయకండి. నా తప్పులన్నీ ఇది తెలియక చేసినవే.

ఉన్ని కూడా మన జుట్టు లాంటిదే, కెరాటిన్ అనే ప్రొటీన్. ఒక్కో పోగుని మైక్రోస్కోప్‌లో చూస్తే, ఇంటి పైకప్పు మీద పెంకులు పరిచినట్టు చిన్న చిన్న పొలుసులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆ పొలుసుల పైన పల్చటి కొవ్వు పొర ఉంటుంది. దానివల్ల నీటిచుక్క వెంటనే లోపలికి పోదు, పైనే నిలుస్తుంది. కానీ పోగు లోపలి భాగం మాత్రం నీటి ఆవిరిని బాగా పీలుస్తుంది. తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా చేతికి తడిగా అనిపించదు.

అంటే బయట నీళ్లు అంటవు, లోపల ఆవిరి ఇంకుతుంది. ప్లాస్టిక్ కవర్ గోడ లాంటిది. తడినీ ఆపుతుంది, గాలినీ ఆపుతుంది. ఉన్ని గోడ కాదు, జల్లెడ లాంటిది. లోపలి తేమ మెల్లగా ఆవిరై బయటికి పోతుంది.

ఇది వింటుంటే మా అమ్మ, "గొంగడి తెల్వదా నీకు?" అంది. మాది సిద్దిపేట దగ్గర. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో గొర్రెలు కాసే కురుమలు వానాకాలం నెత్తిమీంచి గొంగడి కప్పుకుని తిరిగేవాళ్లు. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పెట్టిన గొంగడి. వాన అంత తొందరగా లోపలికి దిగదు. సూత్రం అదే. గొంగడి వానని బయటే ఆపుతుంది, డైపర్ కవర్ తడిని లోపలే ఆపుతుంది. నేను మైక్రోస్కోప్ ఫొటోలు చూసి నేర్చుకున్నది అమ్మకి చిన్నప్పటి నుంచే తెలుసు.

ఇక్కడ ఒక లెక్క. మా కవర్ తూకం వేస్తే 110 గ్రాములు. అందులో 30 శాతం అంటే 33 గ్రాములు. ఎనిమిది నెలల పాప రాత్రంతా పోసే ఉచ్చ దానికంటే చాలా ఎక్కువ. కాబట్టి తడి పీల్చే పని లోపలి కాటన్ గుడ్డదే. కవర్ పని, కాటన్‌లోంచి మిగిలి వచ్చిన తేమని సర్దుకోవడం మాత్రమే. లోపల గుడ్డ సరిపోకపోతే పైన ఎంత మంచి ఉన్ని వేసినా పక్క తడుస్తుంది.

ఇప్పుడు ఆ పొలుసుల దగ్గరికి మళ్లీ రండి. అవన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి. వేడి నీళ్లు, సబ్బు, కదలిక మూడూ కలిస్తే పోగులు ఒక దిక్కుకే జరుగుతూ, పక్క పోగుల్లోకి దూరి ఇరుక్కుపోతాయి. వెనక్కి రాలేవు. బట్ట ముడుచుకుని, దట్టమై, మందంగా అవుతుంది. దీన్నే ఫెల్ట్ అవడం అంటారు. మీ ఇంట్లో ఎవరిదైనా స్వెటర్ వాషింగ్ మెషీన్‌లో వేసి చిన్నపిల్లల సైజు చేసిన చరిత్ర ఉంటే, అదే ఇది.

డైపర్ కవర్‌కి ఇది మొదట వరం. దట్టంగా అయితే తడి తొందరగా బయటికి రాదు. కత్తెరతో కోసినా అల్లిక ఊడిపోదు. అందుకే కుట్టేముందు మనమే కావాలని ఒకసారి ముడుచుకోనివ్వాలి. కానీ కుట్టిన తర్వాత అదే జరిగితే మొత్తం పోయినట్టే. ఇందులో కంట్రోల్ జెడ్ లేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా మామూలు కుట్టుపనే.

స్వెటర్ ఎంచుకోవడం: నా మొదటి రెండు బగ్స్

ఇక్కడ ప్రతి వీధిలో చారిటీ షాపులుంటాయి. జనం వాడేసిన బట్టలు ఇస్తే, తక్కువ ధరకి అమ్మి ఆ డబ్బు సేవకి వాడతారు. ఇంకో విషయం, పాత ఉన్ని బట్టల్ని వాడుకోవడానికి ఈ ప్రాంతం మొదటి నుంచీ పెట్టింది పేరు. లీడ్స్ పక్కనే ఉన్న బాట్లీ ఊళ్లో 1813లో బెంజమిన్ లా అనే ఆయన పాత ఉన్ని గుడ్డల్ని చీల్చి, మళ్లీ నూలు తీసి, కొత్త బట్ట నేసే పద్ధతి మొదలుపెట్టాడు. షాడీ అంటారు దాన్ని. మన దేశంలో ఇప్పుడు ఆ పనికి పెద్ద కేంద్రం పానిపట్. విదేశాల్లో పారేసిన స్వెటర్లు అక్కడికి చేరి దుప్పట్లవుతాయి. నేను చేసింది దాని ముందు పిల్ల ప్రయోగం.

మొదటి స్వెటర్. ఐదు పౌండ్లు. లేబుల్ మీద 100 శాతం మెరినో ఉన్ని. మెత్తగా, అందంగా ఉంది. మెషీన్‌లో 60 డిగ్రీల్లో వేశా. బయటికి తీస్తే అంతే ఉంది. మళ్లీ వేశా. ఇంకా అంతే. మెషీన్ వేడెక్కట్లేదేమో అని బావని అడిగా. తర్వాత లేబుల్ వెనక్కి తిప్పి చూస్తే, మెషీన్‌లో ఉతకొచ్చు అని రాసి ఉంది. దాన్ని సూపర్‌వాష్ ఉన్ని అంటారు. ఫ్యాక్టరీలోనే ఆ పొలుసుల్ని రసాయనాలతో అరగదీసి, పైన పల్చటి రెసిన్ పూత పూస్తారు. పొలుసులు పట్టుకోవు కాబట్టి ముడుచుకోదు. తొడుక్కునేవాళ్లకి సౌకర్యమే, మన పనికి మాత్రం పనికిరాదు. ఆ స్వెటర్ ఇప్పుడు నేనే వేసుకున్నా, చూడండి.

రెండోది నాలుగు పౌండ్లు. లేబులే లేదు. ఈసారి తెలివిగా కాల్చి చూశా. లోపలి కుట్టు దగ్గర చిన్న పోగు లాగి, సింక్ మీద పటకారుతో పట్టుకుని నిప్పు పెట్టాలి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. నాది ఉన్నే. సంతోషంతో మెషీన్‌లో వేసి, ఎడిటింగ్ చేసుకుంటూ మర్చిపోయా. రెండు సైకిళ్లు తిరిగింది. బయటికి తీస్తే అట్ట ముక్క. సాగదు, వంగదు. అమ్మ చూసి, "ఏందిరా, మంచిగున్న స్వెటర్‌ను గిట్ల చేసినవ్" అని ఒకటే నవ్వు. అది ఇప్పుడు కుక్కర్ కింద చాప.

కాబట్టి రూల్ ఇది. లేబుల్ మీద 100 శాతం ఉన్ని, లేదా ల్యాంబ్స్‌వుల్ ఉండాలి. మెషీన్ వాష్ అని ఉంటే వద్దు. లేబుల్ లేకపోతే కాల్చి చూడండి. మగవాళ్ల పెద్ద సైజు తీసుకోండి, చేతులు వెడల్పుగా ఉంటాయి. రిబ్ పట్టీలు, అంటే నడుము దగ్గర, మణికట్టు దగ్గర సాగే భాగాలు, బిగుతు పోకుండా ఉన్నాయా చూడండి. చిన్న పురుగు కన్నం ఉన్నా పర్లేదు, దాన్ని తప్పించి కోయొచ్చు. నూరు శాతం మచ్చలేని స్వెటరే కావాలని కూర్చుంటే, గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టే.

మెషీన్‌లో వేసేటప్పుడు స్వెటర్‌ని దిండు గలీబులో పెట్టి మూతి కట్టేయండి. లేకపోతే రాలే నూగు మెషీన్ ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. రుద్దుకోవడానికి తోడుగా ఒక పాత జీన్స్ వేయండి. 40 డిగ్రీలతో మొదలుపెట్టి, ఒక సైకిల్ అవ్వగానే తీసి చూడండి. చాలకపోతే 60. అల్లిక గళ్లు మసకగా కనపడాలి, కానీ చేత్తో లాగితే ఇంకా సాగాలి. అక్కడ ఆపేయండి. నా మూడో స్వెటర్ దాదాపు పావు వంతు తగ్గింది. సరిగ్గా అంతే కావాలి.

కొలతలు, కోత, కుట్టు

కొలతలు మూడే. అన్నీ గుడ్డ డైపర్ కట్టిన తర్వాత, దాని పైనుంచే తీసుకోవాలి. ఒకటి నడుము చుట్టూ. రెండు తొడ చుట్టూ. మూడు, ముందు బొడ్డు దగ్గర్నుంచి కాళ్ల మధ్యగా వెనక నడుము దాకా. మా పాపకి నడుము 46, తొడ 28, మూడోది 46 సెంటీమీటర్లు. మీ పాపకి మీరే కొలవండి, నా అంకెలు కాపీ కొట్టకండి.

ముందు సులువైనది చెప్తా, పొడుగు ప్యాంటు. స్వెటర్ చేతులే కాళ్లు. చంక దగ్గర రెండు చేతులూ కోసేయండి. మణికట్టు రిబ్ చీలమండ దగ్గరికొస్తుంది, వెడల్పు భాగం నడుము దగ్గరికి. ఇప్పుడు ప్రతి చేతినీ లోపలి కుట్టు వెంట పైనుంచి కిందికి చీల్చాలి. ఎంత? మూడో కొలతలో సగం, అంటే 23, ఇంకో సెంటీమీటర్ కుట్టు కోసం. రెండు చేతుల్నీ మంచి వైపు లోపలికి వచ్చేలా ఎదురెదురుగా పెట్టి, ముందు నడుము నుంచి కాళ్ల మధ్యగా వెనక నడుము దాకా ఒకే కుట్టు. ఇంగ్లీష్ యూ అక్షరంలా వస్తుంది. స్వెటర్ కింది రిబ్ పట్టీ కోసి నడుముకి కుట్టి, లోపల ఎలాస్టిక్ దూర్చండి. ప్యాంటు రెడీ.

నేను ఇది కుట్టి గర్వంగా చూపిస్తే, అమ్మ తిప్పి చూసి, "మియాని ఏది?" అంది. పైజామాకి కాళ్ల మధ్య వేసే చిన్న పతంగి ఆకారం ముక్క అది. అమ్మ పెళ్లికి ముందు నుంచీ కాళ్ల మిషన్ మీద బట్టలు కుట్టేది. గుడ్డ డైపర్ లావుగా ఉంటుంది కాబట్టి ఆ ముక్క లేకపోతే పాప కాళ్లు ఆడించినప్పుడల్లా కుట్టు మీద లాగుడు పడుతుంది. విప్పి మళ్లీ కుట్టాం. అమ్మ చెప్పింది కరెక్ట్.

ఇక నిక్కర్ లాంటి కవర్. దీనికి స్వెటర్ నడుము వాడతాం. పాప దగ్గర ఉన్న కవర్‌ని కాగితం మీద పెట్టి గీసుకోండి, చుట్టూ రెండు సెంటీమీటర్లు వదలండి. ఆ కాగితాన్ని స్వెటర్ మీద తలకిందులుగా పెట్టాలి. అంటే స్వెటర్ కింది రిబ్ పట్టీయే కవర్ నడుము పట్టీ అవుతుంది. ముందు ముక్క, వెనక ముక్క కోసి, పక్కలూ, కాళ్ల మధ్యా కలపండి. మణికట్టు రిబ్‌లు కోసి తొడ పట్టీలుగా కుట్టండి. మిగిలిన ఉన్నిలోంచి ఒక పొడుగు ముక్క తీసి, తడి ఎక్కువగా తగిలే మధ్య భాగంలో రెండో పొరగా వేయండి.

మామూలు కుట్టు మిషన్ చాలు. అల్లిక బట్టలకి వాడే మొన గుండ్రటి సూది వేయండి, బాల్ పాయింట్ సూది అని అడిగితే ఇస్తారు. కుట్టు జిగ్‌జాగ్. తిన్నని కుట్టు వేస్తే, బట్ట సాగినప్పుడు దారం తెగుతుంది.

ఇప్పుడు మూడో బగ్. మొదటి రాత్రి వేశాం. మూడింటికి అక్క లేపింది. పక్క తడి. కానీ కవర్ అంతా తడవలేదు, సరిగ్గా కుట్టు గీత వెంటే తడిసింది. ఫోన్ టార్చ్ వేసి చూస్తే అర్థమైంది. నేను వాడింది కాటన్ దారం. దీపంలో ఒత్తి నూనెని పైకి లాగినట్టు, కాటన్ దారం లోపలి తడిని బయటికి లాగేసింది. విప్పి పాలిస్టర్ దారంతో మళ్లీ కుట్టా. చిన్న విషయమే, కానీ ఎవరూ చెప్పరు.

లానోలిన్ పట్టించడం

గొర్రె ఒంటి మీద ఉన్నికి సహజంగా ఒక మైనం ఉంటుంది, లానోలిన్. వానలో గొర్రెని కాపాడేది అదే. స్వెటర్ తయారయ్యేసరికి ఫ్యాక్టరీలో ఆ మైనాన్ని చాలావరకు కడిగేస్తారు. మనం తిరిగి పట్టించాలి. దీనికి కొత్తగా ఏం కొనక్కర్లేదు. పాలిచ్చే తల్లులు చనుమొనలు పగిలితే రాసుకునే క్రీముల్లో కొన్ని అచ్చంగా లానోలినే. అక్క దగ్గర సగం ట్యూబ్ మిగిలి ఉంది.

ఒక కవర్‌కి ఒక టీస్పూన్. కప్పు వేడి నీళ్లలో వేసి, రెండు మూడు చుక్కలు బేబీ షాంపూ కలిపి గిలక్కొట్టండి. షాంపూ లేకపోతే నూనెలా పైన తేలుతుంది. నీళ్లు పాలలా తెల్లగా అవ్వాలి. ఆ నీళ్లని గోరువెచ్చటి నీళ్లున్న టబ్‌లో పోసి, కవర్‌ని తిరగేసి ముంచి రాత్రంతా వదిలేయండి. పొద్దున పిండకండి, మెలిపెట్టకండి. తువ్వాల్లో చుట్టి అదమండి. తర్వాత పరిచి ఆరబెట్టండి. హీటర్ మీద వద్దు. మందాన్ని బట్టి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే కనీసం రెండు కవర్లుండాలి.

లానోలిన్ కొందరికి పడదు. ముందు కొంచెం రాసి చూసి, ఎర్రబడితే వాడకండి.

వాడకం, ఉతకడం

దీన్ని రోజూ ఉతకక్కర్లేదు. పొద్దున తీసి గాలికి ఆరేస్తే వాసన పోతుంది. మేం రెండు మూడు వారాలకోసారి, లేదా మరక అయితే వెంటనే, చల్లటి నీళ్లలో ఉన్నికి వాడే సబ్బుతో, చేత్తో ఉతుకుతాం. బట్ట మీద నీళ్లు నిలవడం తగ్గితే లానోలిన్ మళ్లీ పట్టిస్తాం.

రెండు జాగ్రత్తలు. కారు సీట్లో బెల్టు బిగించి గంటసేపు కూర్చోబెడితే ఉన్ని నొక్కుకుపోయి తడి బయటికొస్తుంది. అక్కడ ఇది పనికిరాదు. ఇంకోటి, ఉన్ని వెచ్చగా ఉంటుంది. ఇక్కడ పిల్లలు పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంచమంటారు. గది వెచ్చగా ఉంటే ఉన్ని ప్యాంటు మీద ఇంకా రెండు పొరలు వేయకండి.

మరి ఎర్రదనం తగ్గిందా? తగ్గింది. కానీ నిజం చెప్పాలి. అదే వారం నుంచి రాత్రి మధ్యలో ఒకసారి డైపర్ మార్చడం కూడా మొదలుపెట్టాం. అంటే రెండు వేరియబుల్స్ ఒకేసారి మార్చాం. కాబట్టి క్రెడిట్ మొత్తం ఉన్నికే అని నేను చెప్పలేను. పొద్దున్నే విప్పినప్పుడు లోపల ఆ చెమట పట్టిన ఉక్క లేదు, అది మాత్రం నా కళ్లతో చూశా.

అసలు ఖర్చు ఎవరిది

లెక్క చూద్దాం. ఐదు స్వెటర్లు: 5, 4, 4, 3.50, 3.50. మొత్తం 20 పౌండ్లు. సూదులు, దారం, ఎలాస్టిక్ నాలుగు. కుట్టు మిషన్ పక్కింటివాళ్లది. 24 పౌండ్లకి ఒక ప్యాంటు, రెండు కవర్లు. షాపులో ఒక్క కవర్ ధర.

ఇక్కడితో వీడియో ఆపేస్తే వినడానికి బాగుంటుంది. కానీ ఇంకో ఖర్చుంది. గుడ్డ డైపర్లు రోజూ ఉతకాలి, ఉన్నిని చేత్తో ఉతకాలి, లానోలిన్ ఎప్పుడు పట్టించామో గుర్తుపెట్టుకోవాలి. ఇదంతా ఎవరు చేస్తున్నారు? నేను కుట్టి, ఫొటోలు తీసి, హీరోలా తిరుగుతున్నా. ఉతుకుతున్నది అక్క. రెండో వారంలో రాత్రి పదకొండింటికి టబ్ ముందు కూర్చుని ఉంది. "తమ్ముడూ, కవర్ బాగుందిరా. కానీ డబ్బులు మిగిల్చి నాకు ఇంకో పని పెట్టినవ్" అంది. కోపంగా కాదు, అలిసిపోయి అంది. నా దగ్గర సమాధానం లేదు.

మర్నాడు బావ, ఉతుకుడు నాది అన్నాడు. మొదటి ఆదివారమే ఎంతో ఉత్సాహంగా, పాప బట్టలన్నీ శుభ్రంగా ఉండాలని, డైపర్లతో పాటు ఈ కవర్‌ని కూడా 60 డిగ్రీల్లో వేసేశాడు. అదిగో, ఎపిసోడ్ మొదట్లో చూపించిన బొమ్మ నిక్కర్. పొలుసులు వాటి పని అవి చేశాయి. బావ దాన్ని చేతిలో పట్టుకుని రెండు నిమిషాలు అట్లాగే నిలబడ్డాడు. అక్క ముందు నవ్వింది, తర్వాత అందరం నవ్వాం. ఎందుకంటే మూడు నెలల్లో అక్క ముట్టుకోకుండా జరిగిన మొదటి ఉతుకుడు అది. బావని వెనక్కి పంపలేదు. టబ్ దగ్గర కూర్చోబెట్టి నేర్పించింది. ఇప్పుడు నాకంటే బాగా చేస్తున్నాడు. ఎక్సెల్ షీట్‌లో లానోలిన్ తేదీలకి ఒక కాలమ్ కూడా పెట్టాడు.

అమ్మ మిగిలిన కవర్ లోపల ఎర్ర దారంతో తెలుగులో కుట్టింది. దగ్గరగా చూపిస్తా, కనిపిస్తోందా? "చేత్తోనే. చల్లగా." ఇంతకంటే మంచి వాష్ లేబుల్ నేను చూడలేదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అడుగుతారని తెలుసు, మాకు పనికొస్తుందా అని. మన ఎండలకి పల్చటి గుడ్డ కట్టి, వీలైనంతసేపు ఏమీ కట్టకుండా వదిలేసే మన అమ్మమ్మల పద్ధతే హాయి. ఢిల్లీలో, సిమ్లాలో, యూకేలో, అమెరికాలో, చలి ఉన్నచోట ఉన్న మనవాళ్లకి ఇది నిజంగా ఉపయోగం. మన దగ్గర చలికాలం రోడ్ల పక్కన అమ్మే స్వెటర్లలో యాక్రిలిక్ ఎక్కువ. పోగు కాల్చి చూడకుండా కోయకండి.

మొదలుపెట్టే ముందు మాత్రం ఇంట్లో ఒక్క ప్రశ్న అడగండి. కుట్టేది ఎవరు అని కాదు, ఉతికేది ఎవరు అని. దానికి సమాధానం దొరికాకే స్వెటర్ కొనండి.

వచ్చేవారం హైదరాబాద్ నుంచి కలుద్దాం. ఎవరికైనా పనికొస్తుందనిపిస్తే ఈ ఎపిసోడ్ పంపండి. కుక్కర్ మూడో విజిల్ కూడా అయింది. ఉంటా మరి, బై.